పాతిక సూదుల ప్లగ్గు

సోమవారం ఉదయం చుక్కలమ్మ ప్లగ్గు చేత్తో పట్టుకుని కొత్త కంప్యూటరు చుట్టూ మూడుసార్లు తిరిగింది. దాన్ని పెట్టడానికి ఎక్కడా చోటు కనిపించలేదు.

ఆ ప్లగ్గులో రెండు వరుసల్లో పాతిక సూదులున్నాయి. అటొకటి ఇటొకటి బిగించుకోడానికి మరలున్నాయి. వెనక బొటనవేలంత లావు తీగ. ఆ తీగ రెండో కొస మూల బల్ల మీదున్న అచ్చుయంత్రంలోకి వెళ్తుంది. కాగితం మీద సిరా పూయకుండా చుక్కలు పొడిచే యంత్రం అది. ఆ బడిలో చదివే పిల్లలెవరికీ చూపు లేదు. వాళ్ళ వేళ్ళ కిందికి వచ్చే ప్రతి పుస్తకమూ, ప్రతి ప్రశ్నపత్రమూ ఆ గదిలోనే పుడుతుంది. అందుకే పిల్లలు ఆమెకు చుక్కలమ్మ అని పేరు పెట్టుకున్నారు. హాజరుపట్టీలో వేరే పేరు ఉందిగానీ దాంతో పిలిస్తే ఆమే ఓ పట్టాన పలకదు.

కంప్యూటర్లు బిగించడానికి వచ్చిన మెకానిక్ ఆమె అవస్థ చూసి దగ్గరికొచ్చాడు.

"ఏం వెతుకుతున్నారమ్మా?"

"దీని నోరెక్కడుందో చూస్తున్నా."

"ఆ నోళ్ళు పోయి చాన్నాళ్ళయింది. ఇప్పుడు అన్నిటికీ ఇదే." పక్కన సన్నగా ఉన్న కంతను వేలితో చూపించాడు. "ఛార్జింగూ ఇందులోంచే, టీవీకీ ఇందులోంచే, అచ్చుకూ ఇందులోంచే. తిరగేసి పెట్టినా పడుతుంది. పాతవాటిలా ఇటా అటా అని తడుముకునే పనే లేదు."

కిటికీ పక్క కుర్చీలోంచి మాస్టారు నవ్వాడు. "మా బడికి తగ్గ వస్తువే అయితే."

మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. అచ్చయిన ప్రతి పేజీనీ వేళ్ళతో చదివి తప్పులు పట్టడం ఆయన పని. లేచొచ్చి, చూపుడువేలితో ఆ కంతను వెతికి పట్టుకుని, కాసేపు అక్కడే ఉంచాడు.

"బియ్యపుగింజను పడుకోబెట్టినంత ఉంది. ఇందులోంచి మన పుస్తకాలన్నీ వెళ్ళాలా?"

"ఇంతకు వందరెట్లు వెళ్తాయి మాస్టారూ," అన్నాడు మెకానిక్.

మనిషి మంచివాడే. రెండు పనులు పక్కనపెట్టి మరీ ఆ పని మీద కూర్చున్నాడు. బజారుకెళ్ళి, పాత ప్లగ్గును కొత్త కంతకు కలిపే మార్పిడి తీగలు రెండు తెచ్చాడు. మొదటిది పెట్టగానే దాని మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. కంప్యూటరు 'సిద్ధం' అంది. యంత్రం మాత్రం ఉలకలేదు, పలకలేదు. రెండోది పెట్టాక యంత్రం ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి టకటకమని పొడవడం మొదలుపెట్టింది. చుక్కలమ్మ గబుక్కున పేజీ చించి మాస్టారి చేతికిచ్చింది.

ఆయన వేళ్ళు ఎడమ నుంచి కుడికి నడిచాయి. ఆగాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"మొదటి మాట బాగానే ఉంది. రెండో మాటకి తల లేదు. ఆ తర్వాతది ఏ భాషా కాదు తల్లీ."

మధ్యాహ్నం దాకా అరవై పేజీలు పాడయ్యాయి. మెకానిక్ నుదురు తుడుచుకుని ఉన్న సంగతి చెప్పాడు. "మీ యంత్రం ప్రోగ్రాం పాత కాలంది. తీగ పెట్టే చోటు ఒకటుందిగా, నేరుగా దాని దగ్గరికే వెళ్ళి తలుపు తట్టి మాట్లాడుతుంది. ఇప్పుడు ఆ తలుపే లేదు. నేను పెట్టింది గోడ మీద గీసిన తలుపు బొమ్మనుకోండి. తట్టినప్పుడల్లా మోగుతుందని నమ్మకం లేదు."

"అయితే మా పాత కంప్యూటరు మాకిచ్చెయ్యండి."

"అవి శనివారమే లారీలో వెళ్ళిపోయాయమ్మా."

చుక్కలమ్మ ప్లగ్గును బల్ల మీద పెట్టి, ఆ మరలను ఊరికే అటూ ఇటూ తిప్పింది. శుక్రవారం పదో తరగతి లెక్కల పరీక్ష. ఆ బడిలో ఇన్నాళ్ళూ ఎవరూ లెక్కలు తీసుకోలేదు. బదులుగా సంగీతం తీసుకునే వెసులుబాటు ఉంది, అందరూ అదే తీసుకున్నారు. ఈ ఏడు ఒకే ఒక్క పిల్ల మొండికేసింది. మిగతా పరీక్షలకు ఎవరైనా పక్కన కూర్చుని ప్రశ్న చదివిపెడితే ఎలాగోలా గడుస్తుంది. లెక్కలు అలా గడవవు.

ఆ పిల్లను బళ్ళో అందరూ లెక్కలపిల్ల అంటారు. సాయంత్రం బడి వదిలాక ఆమే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అమ్మా, యంత్రం చప్పుడు ఆగిపోయిందేం?"

"ఏదో తీగ తేడా చేసిందిలే. రేపటికి బాగవుతుంది."

"మీరు అబద్ధం చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది," అంది లెక్కలపిల్ల, గుమ్మం కమ్మీకి భుజం ఆనించి. "నా పేపరు వస్తుందా, రాదా?"

"వస్తుంది," అన్నాడు మాస్టారు. ఆయన గొంతు మాత్రం తగ్గలేదు.

మంగళవారమంతా ప్రిన్సిపాల్ గదిలో గడిచింది. ప్రిన్సిపాల్ పైఆఫీసుకు ఫోను మీద ఫోను చేస్తూనే ఉంది. చుక్కలమ్మ ఎదుటి కుర్చీలో చివరంచున కూర్చుని ఆవిడ మొహాన్నే చూస్తోంది.

"అది మామూలు ప్రింటరు కాదండీ... కాదు, చుక్కల... ఆ, బ్రెయిలీ... అవునండీ, ఫారంలో 'ప్రింటరు ఉంది' అనే రాశాం. ఉందిగా మరి!... తీగ ఎలాంటిదని మీ ఫారం అడగలేదండీ."

అవతలివాళ్ళు వచ్చే ఏడు కొత్త యంత్రానికి రాసుకోమన్నారు. ఇంకొకరు ఇంకొక నంబరిచ్చారు. ఆ నంబరు మనిషి భోజనానికి వెళ్ళాడు. వచ్చాక ఆయన చెప్పిందొక్కటే: చదివి రాసిపెట్టే మనిషిని ఇస్తున్నాం కదా, ఇంకా ఇబ్బందేమిటి?

ప్రిన్సిపాల్ ఫోను పెట్టేసి కళ్ళజోడు తీసింది. "కొత్త కంప్యూటర్లు వచ్చాయని సంబరపడి సంతకం పెట్టింది నేనే. నన్ననాలి."

ఆవిణ్ణి ఏమనడానికీ చుక్కలమ్మకు నోరు రాలేదు. మూడేళ్ళు తిరిగి ఆ కంప్యూటర్లు తెప్పించింది ఆవిడే. పిల్లలకు మాట్లాడే పుస్తకాలు వచ్చింది వాటి వల్లే. నిన్నటి నుంచి చిన్నపిల్లలు వాటి ముందు నుంచి లేవడం లేదు.

బుధవారం సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, చుక్కలమ్మ పాతసామాను గోదాముకు వెళ్ళింది. దారిలో మూడు రిపేరు కొట్లలో అడిగింది. అలాంటి నోరున్న కంప్యూటరు వెతికించాలంటే పది రోజులు పడుతుందన్నారు ఇద్దరు. మూడోవాడు ఆమె చేతిలోని ప్లగ్గును చూసి, తన చిన్ననాటి స్నేహితుడు ఎదురైనట్టు మురిసిపోయి, తిరిగి ఇచ్చేశాడు.

గోదాములో రేకుల కప్పు కింద ఆరుగురు వరసగా కూర్చుని మరలు విప్పుతున్నారు. డబ్బాలు ఒక గుట్ట, పంకాలు ఒక గుట్ట, తీగలు ఒక గుట్ట. కంప్యూటర్ల లోపలినుంచి ఊడదీసిన ఆకుపచ్చ పలకలన్నీ గోడవార నిలువుగా పేర్చి ఉన్నాయి. ప్రతి పలక అంచునా లేత ఎరుపు రంగులో వెడల్పాటి నోరు, పాతిక కన్నాలతో. ఆమె బడికి కావలసింది ఒక్కటి. అక్కడ వందలున్నాయి, ఒక్కటీ దేనికీ తగిలించి లేదు.

డబ్బాల గుట్టలో తన కంప్యూటరును చుక్కలమ్మ ఇట్టే గుర్తుపట్టింది. మాస్టారి కోసం మీట పక్కన తానే చుక్కలు గుచ్చి అంటించిన చీటీ ఇంకా అలాగే ఉంది. డబ్బా ఎత్తి చూసింది. తేలిగ్గా లేచింది. లోపలేమీ లేదు.

"అయ్యా," అంది గోదాము గుమాస్తాతో, "నడిచేది ఒక్కటుంటే ఇప్పించండి. శుక్రవారం సాయంత్రానికి నేనే మోసుకొచ్చి అప్పజెప్తాను. రాసిస్తాను."

గుమాస్తా పుస్తకం తిరగేశాడు. "వచ్చినవి వచ్చినట్టు విప్పెయ్యమని ఆర్డరమ్మా. నిన్న పొద్దున వచ్చుంటే రెండు మూడు దొరికేవి. నిన్న ఏం చేశారు?"

"నిన్న ఫోన్ల దగ్గర కూర్చున్నాం."

అతను పాపం ఒక పచ్చపలక తీసి, దుమ్ము దులిపి, ఆమె ముందు పెట్టాడు. "కావాలంటే ఇది పట్టుకెళ్ళండి. నోరైతే ఉంది."

"ఒట్టి నోటితో ఏం చెయ్యనయ్యా," అంది చుక్కలమ్మ. అయినా అంత ఆప్యాయంగా ఇస్తున్నాడని కాసేపు చేతుల్లో పట్టుకుని, మళ్ళీ గోడవార పెట్టి వచ్చేసింది.

గురువారం పదకొండు గంటలకు సీలు వేసిన ప్రశ్నపత్రం కవరుతో పరీక్షల ఆఫీసరు వచ్చాడు. ఏటా వచ్చే పద్ధతే. ఆయన ఎదుట కవరు విప్పాలి, ఆయన ఎదుటే అచ్చు కొట్టాలి, తిరిగి సీలు వెయ్యాలి, అయ్యేవరకూ గదిలోంచి ఎవరూ కదలకూడదు. యంత్రం పనిచెయ్యదని తెలియగానే ఆయన లేవబోయాడు.

"కూర్చోండి," అన్నాడు మాస్టారు. "యంత్రం రాకముందు ఎలా రాసేవాళ్ళమో అలాగే రాస్తాం. ఒక్క పిల్లకి ఒక్క కాపీయేగా."

తన సంచిలోంచి పలక తీశాడు. రెండు రేకుల మధ్య దళసరి కాగితం బిగించి, పై రేకు గళ్ళల్లో చిన్న మొనతో ఒక్కొక్క చుక్కా గుచ్చాలి. కాగితం వెనక నుంచి గుచ్చుతారు కాబట్టి కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ తిరగేసి రాయాలి. మాస్టారికి చేతి అలవాటు తప్పి చాలా ఏళ్ళయింది. మొదటి పేజీ రెండుసార్లు చించి పారేశాడు.

చుక్కలమ్మకు లెక్కలు రావు. గడికి ఆరు చుక్కలు, వాటికి ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు; ఏ గుర్తుకు ఏ చుక్కలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ప్రశ్నపత్రం కళ్ళకు దగ్గరగా పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"ఒకటి, మూడు, నాలుగు, ఆరు."

టక్, టక్, టక్, టక్.

"మూడు, నాలుగు, ఆరు."

టక్, టక్, టక్.

ఆఫీసరు కాసేపు దినపత్రిక చదువుకున్నాడు. కాసేపు కునికాడు. తర్వాత మెల్లగా కుర్చీ దగ్గరికి జరుపుకుని చూస్తూ కూర్చున్నాడు. మాస్టారి బొటనవేలు ఎర్రగా కంది, మొన జారకుండా గుడ్డపేలిక చుట్టుకున్నాడు. నాలుగున్నరకు పన్నెండో పేజీ పలకలోంచి బయటికొచ్చింది. చుక్కలమ్మ గొంతు బొంగురుపోయింది.

ఆఫీసరు ఒక పేజీని అరచేత్తో తడిమి చూసుకున్నాడు. "ఇదంతా లెక్కలేనా? ఆశ్చర్యమే!" అని, కవర్లో పెట్టి, లక్క కరిగించి తనే సీలు వేశాడు. యంత్రం నంబరు రాయాల్సిన ఫారం ఒకటి ఉంది. దాంట్లో ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాడు.

ఆ ఖాళీ దగ్గరే శుక్రవారం ఉదయం అంతా ఆగిపోయింది.

పరీక్ష వేరే బడిలో. హాలు ముందు వరండాలో ఆ కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్ ఫారం పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలందరూ లోపలికి వెళ్ళిపోయారు. లెక్కలపిల్ల చేతికర్ర మడుచుకుని తలుపు పక్కన నిలబడింది.

"యంత్రం నంబరేదీ?"

"చేత్తో రాశామండీ," అంది చుక్కలమ్మ.

"చేత్తోనా!" ఆయన కవరు విప్పి ఒక పేజీ పైకెత్తి వెలుతురుకు పట్టాడు. "యంత్రమైతే ఫైల్లో ఉన్నదే కొడుతుంది. మనిషి చెయ్యి ఏదైనా గుచ్చొచ్చు. ఇందులో జవాబులున్నాయేమో నాకెలా తెలుస్తుంది?"

"ఒక్కో వరసా చదివి వినిపిస్తాను. మీరు పేపరు పక్కన పెట్టుకుని సరిచూసుకోండి."

"రాసింది మీరే, చదివేదీ మీరేనా?"

"మాస్టారూ చదువుతారు."

"ఆయనా రాసినవాడేగా." ఆయన ఆఫీసరు వైపు తిరిగాడు. "మీరు పక్కనే ఉన్నారు కదా. ఇందులో ఉన్నది ప్రశ్నలేనని మీరు సంతకం పెడతారా?"

ఆఫీసరు చుక్కలమ్మ మొహం చూశాడు. తర్వాత నేల చూశాడు. "నేను పక్కనే ఉన్నానండీ. నిన్న మొదటినుంచీ చూశాను. కానీ... నాకు చుక్కలు చదవడం రాదు."

"మరి నాకూ రాదు. రేపు ఎవరైనా అడిగితే నా ఉద్యోగం పోతుంది." ఆయన గొంతులో కోపమేమీ లేదు. పేజీలు సర్ది, కవర్లో పెట్టి, ఆమెకే తిరిగి ఇచ్చాడు. "చదివి రాసిపెట్టే మనిషిని ఇస్తున్నాం. అన్యాయం ఏం జరగదు."

అంతా విన్న లెక్కలపిల్ల చెయ్యి చాచింది. "ఒక్క నిమిషం ముట్టుకోనివ్వండి సార్. చదవను. ఊరికే."

"కుదరదమ్మా."

ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని లోపలికి నడిచింది.

రాసిపెట్టడానికి వచ్చింది కుట్టుపని నేర్పే టీచరు. లెక్కలు తెలియని మనిషే చదవాలి, అదీ ఉన్నదున్నట్టు చదవాలి, అదీ రూలు. ఇద్దరికీ వరండా పక్క చిన్న గది ఇచ్చారు. కాపలాకు ఇన్విజిలేటరు ఒకాయన. కిటికీ తలుపులు మూస్తే ఉక్కగా ఉంటుందని సగం తెరిచే ఉంచారు. బయట మెట్ల మీద చుక్కలమ్మా, మాస్టారూ కూర్చున్నారు. కవరు ఆమె ఒళ్ళో ఉంది.

కుట్టుటీచరు గొంతు నెమ్మదిగా, స్పష్టంగా వినిపిస్తోంది. మొదటి ఆరు ప్రశ్నలు బాగానే జరిగాయి. లెక్కలపిల్ల చెబుతోంది, ఆవిడ రాస్తోంది. ఎక్కడైనా అర్థం కాకపోతే, "మళ్ళీ చెప్పు తల్లీ, నిదానంగా," అంటోంది.

ఏడోది వచ్చింది.

"ఎక్స్ ప్లస్ వన్ బై ఎక్స్ మైనస్ టూ ఈజీక్వల్ టూ ఫోర్. ఎక్స్ విలువ కనుక్కోండి."

చుక్కలమ్మ వీపు నిటారయింది. నిన్న ఆ వరసను చెప్పింది తనే. ఆ వరసలో మొట్టమొదటి నాలుగు చుక్కలు భిన్నం మొదలయ్యే గుర్తు. ఆ తర్వాతే ఎక్స్. అంటే గీత పైన 'ఎక్స్ ప్లస్ వన్' మొత్తం ఉంది, కింద 'ఎక్స్ మైనస్ టూ' మొత్తం ఉంది. లెక్క ఎలా చెయ్యాలో ఆమెకు తెలియదు. ఏది పైనో, ఏది కిందో మాత్రం తెలుసు.

లోపల లెక్కలపిల్ల అడుగుతోంది. "అండీ, బై కింద ఏముంది? ఎక్స్ ఒక్కటేనా, ఎక్స్ మైనస్ టూ మొత్తమా?"

కుట్టుటీచరు తడబడింది. "ఇక్కడ గీత ఉంది తల్లీ, దాని..."

"టీచర్," అంది ఇన్విజిలేటరు గొంతు. "వివరించకూడదు. ఉన్నది మళ్ళీ చదవండి, చాలు."

"ఎక్స్ ప్లస్ వన్ బై ఎక్స్ మైనస్ టూ ఈజీక్వల్ టూ ఫోర్," అంది ఆవిడ, ఈసారి ఇంకా స్పష్టంగా.

చుక్కలమ్మ సగం లేచింది. కిటికీ మూడడుగుల దూరం. 'మొత్తం' అన్న ఒక్క మాట చాలు. మాస్టారి చెయ్యి గాల్లో వెతుక్కుని ఆమె చీరకొంగును పట్టుకుంది.

"వద్దు తల్లీ. నువ్వు నోరు తెరిస్తే దాని పేపరంతా కొట్టేస్తారు."

ఆమె కూర్చుంది.  తర్వాత లెక్కలపిల్ల గొంతు అనుమానంగా, అడుగడుగునా ఆగుతూ, లెక్క చెప్పుకుంటూ పోయింది. అది అరపేజీ సాగింది. చుక్కలమ్మ కవరు మీద చేతులు కట్టుకుని వింటూనే ఉంది.

ఒంటిగంటకు గంట కొట్టారు. లెక్కలపిల్ల బయటికొచ్చి, చేతికర్ర విప్పకుండానే మెట్ల దాకా నడిచింది.

"అవి ఇటివ్వండమ్మా. ఇప్పుడు ముట్టుకోవచ్చుగా."

మెట్టు మీద కూర్చుని పేజీలు మోకాళ్ళ మీద పరచుకుంది. రెండు చూపుడువేళ్ళూ వరస వెంబడి పరుగెత్తాయి. ఏడో ప్రశ్న దగ్గర ఆగాయి. మొదటికి వచ్చాయి. మళ్ళీ చివరికి వెళ్ళాయి.

"ఓ! మొత్తమా!"



"మూడు," అంది లెక్కలపిల్ల. వేళ్ళు ఇంకా ఆ వరస మీదే ఉన్నాయి. "జవాబు మూడు. రెండు అంగల్లో వస్తుంది. నాకక్కడ మూడుకి అటూ ఇటూ ఎనిమిది వర్గమూలం వచ్చింది. ఇంత వికారమైన జవాబు పరీక్షలో ఎవరిస్తారులే అనుకుంటూనే రాయించాను." నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు. ముంజేత్తో ముక్కు తుడుచుకుని పేజీ తిప్పింది.

"ఎన్ని తప్పాయి?" అడిగాడు మాస్టారు.

"ఆగండి, చదవనివ్వండి." ఒక్కొక్క పేజీ చదువుతూ వెళ్ళింది. "ఇదీ పోయింది. బ్రాకెట్ ఎక్కడ మూశారో తెలియలేదు. ఇది బాగానే చేశాను... ఇదీ పోయింది." వరండా ఖాళీ అయింది. పిల్లలు గేటు దగ్గర జవాబులు అరుచుకుంటున్నారు. కుట్టుటీచరు పక్కగా వెళ్తూ ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్ల తల నిమిరి వెళ్ళిపోయింది.

"నాలుగు," అంది లెక్కలపిల్ల ఆఖరికి. "పైచదువుకు లెక్కల్లో ఎనభై కావాలి. రావు." ఆ మాట, వానకు బట్టలు తడిశాయి అన్నంత మామూలుగా అంది.  చుక్కలమ్మ 'వచ్చే ఏడు' అందామనుకుంది. వచ్చే ఏడు ఏ తీగ వస్తుందో, ఏ ఫారం వస్తుందో ఆమెకేం తెలుసు?

ఆ పిల్ల వేళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళాయి.

"మాస్టారూ, తొమ్మిదో లెక్కలో మీరొక తప్పు గుచ్చారు."

మాస్టారి మొహం పాలిపోయింది. "నేనా? ఎక్కడ?"

"త్రిభుజం భుజాలు అయిదు, పన్నెండు, ఇరవైమూడు అని ఉంది. వాటితో త్రిభుజమే కుదరదు. పదమూడు అయ్యుండాలి. ఒకటికి ఒక చుక్క ఎక్కువ పడి రెండయింది. ఆవిడ లోపల పదమూడనే చదివింది."

"నిన్న తొందరలో తిరిగి చదువుకోలేదు," అన్నాడు మాస్టారు.  "ఎన్నేళ్ళుగా అందరి తప్పులూ పట్టినవాణ్ణి. మనిషి చెయ్యి గురించి ఆ పెద్దమనిషి అన్నదీ నిజమేనన్నమాట."

"నిజం కాదు," అంది లెక్కలపిల్ల కొంచెం కోపంగా. "ఇది చేతిలో ఉండుంటే తప్పని నాకే తెలిసేది. తెలిసిందిగా ఇప్పుడు."

 మాస్టారు చెయ్యి చాచాడు. "ఏ పేజీ? ఇటివ్వు."

"ఇప్పుడెందుకు మాస్టారూ, పరీక్ష అయిపోయిందిగా," అంది చుక్కలమ్మ.

"ఇటివ్వు తల్లీ."

చుక్కలమ్మ పేజీని మెట్టు రాయి మీద పరిచి, గాలికి లేవకుండా రెండు చేతులతో అదిమిపట్టింది. లెక్కలపిల్ల ఆయన వేలు పట్టుకుని ఆ వరస మీద, ఆ అంకె మీద పెట్టింది. మాస్టారు పేలిక చుట్టిన బొటనవేలితో ఆ ఒక్క చుక్కనూ నొక్కి, పక్క చుక్కకు తగలకుండా, కాగితం చదునయ్యేదాకా రుద్దాడు.

"ఇప్పుడు చదువు."

ఆ పిల్ల చదివింది.

"అయిదు, పన్నెండు, పదమూడు."